వార్త అచ్చు కాకపోతే

1964 ఏప్రిల్ 24, అర్ధరాత్రి దాటింది. తూర్పు బెర్లిన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ విలేకరి, పాతికేళ్లాయన ఒకరు కారులో ఇంటికి పోతున్నారు. దారికి అడ్డంగా సైన్యం. ట్యాంకులు, ఫిరంగులు, సైనికుల లారీలు బారులు తీరి పడమటి వైపుకు, అంటే నగరాన్ని రెండుగా చీల్చిన బెర్లిన్ గోడ వైపుకు కదిలిపోతున్నాయి. ఇంకో వీధి నుంచి వెళ్దామని చూస్తే అక్కడా అదే. ఆయన నేరుగా ఆఫీసుకు పోయి, చూసింది చూసినట్టు లండన్‌కు కొట్టేశారు. అక్కడ పెద్దవాళ్లను నిద్రలేపారు. మూడో ప్రపంచ యుద్ధమేనేమో అన్నంత టెన్షన్. తెల్లారాక తేలింది, అది మే డే కవాతుకు రిహార్సల్ అని.

డెస్క్‌లో కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌కీ నేను ఈ సంగతి చెప్పేవాణ్ని. విన్నవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వించాలని చెప్పలేదు నేను. ఆ రాత్రి ఆయన చూసిన దాంట్లో అబద్ధం లేదు. ట్యాంకులు నిజం, లారీలు నిజం, దిక్కు నిజం. ఎందుకు కదులుతున్నాయన్నది మాత్రం తెలియలేదు. చూడటం సగం పని, అడగడం రెండో సగం. ఆ రెండో సగాన్ని ఆయన జీవితాంతం వదల్లేదని నేను నమ్ముతాను. ఆయన పేరు ఫ్రెడరిక్ ఫోర్సైత్, తర్వాత థ్రిల్లర్ నవలలతో లోకమంతా పేరు తెచ్చుకున్న బ్రిటిష్ రచయిత. 2025 జూన్ 9న, 86 ఏళ్ల వయసులో పోయారు. అప్పటి నుంచి ఆయన గురించి రాయాలనుకుంటూ ఇన్నాళ్లూ వాయిదా వేస్తూ వచ్చాను.

ఆయన నవల ‘ద డే ఆఫ్ ద జాకాల్’ మొదటిసారి నా చేతికొచ్చింది రాజమండ్రిలో, 1989లో. అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. ఫుట్‌పాత్ మీద గోనెపట్టా పరిచి పాత పుస్తకాలు అమ్మే పెద్దాయన దగ్గర ఏడు రూపాయలకు కొన్నాను, అట్ట లేదు. అప్పటిదాకా నా చదువంతా అద్దె లైబ్రరీ డిటెక్టివ్ నవలలే. ఇంగ్లిష్ నవల చదవడం అదే మొదలు. పక్కన డిక్షనరీ పెట్టుకుని పదకొండు రోజులు చదివాను.

నన్ను పట్టేసిన చోటు తుపాకీ దగ్గర లేదు, పాస్‌పోర్ట్ దగ్గర ఉంది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్‌ను చంపడానికి డబ్బు తీసుకున్న హంతకుడు దొంగ పేరు కోసం ఇంగ్లండ్ పల్లెల్లో చర్చి స్మశానాలు తిరుగుతాడు. పసితనంలోనే చనిపోయిన మగపిల్లాడి సమాధి ఒకటి వెతుకుతాడు. తనకు సరిపోయే ఏడాదిలో పుట్టినవాడై ఉండాలి. ఆ పేరు మీద జనన ధ్రువపత్రం తీయించి, దాన్ని జతచేసి పాస్‌పోర్ట్‌కు అర్జీ పెడతాడు. జననాల రిజిస్టరు ఒకచోట, మరణాల రిజిస్టరు ఇంకోచోట. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే నాథుడు లేడు. ఆ వారంలోనే నేను ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ధ్రువపత్రం కోసం నాలుగుసార్లు తిరిగి ఉన్నాను. ఎదురుగా మనిషి నిలబడి ఉన్నా సరే, కాగితం ఉంటేనే ఉన్నట్టు లెక్క. కాబట్టి ఆ పేజీలు నాకు కట్టుకథలా అనిపించలేదు. నిజానికి కట్టుకథ కాదు కూడా. ఆ కిటుకు అక్కడ నిజంగానే పనిచేసేది, నవల వచ్చాక కూడా చాలా ఏళ్ల పాటు.

డి గాల్ హత్యకు గురి కాలేదని లోకానికంతా తెలుసు. 1970 నవంబరులో ఇంట్లోనే కన్నుమూశారు. ముగింపు తెలిసిన కథను ఇంత ఉత్కంఠగా ఎలా నడపగలిగారు? అప్పట్లో నాకు అర్థం కాలేదు. నేనూ వార్తలు రాయడం మొదలుపెట్టాక అర్థమైంది. ఏం జరుగుతుందోనన్న ఆరాటం స్థానంలో ఎలా జరుగుతుందోనన్న ఆరాటం పెట్టారాయన. అది విలేకరి పద్ధతి.

ఫోర్సైత్ పుట్టింది కెంట్‌లోని యాష్‌ఫర్డ్‌లో, 1938లో. ఐదేళ్లప్పుడు ఎవరో ఎత్తి స్పిట్‌ఫైర్ విమానం కాక్‌పిట్‌లో కూర్చోబెట్టారు. ఆ రోజే పైలట్ కావాలనుకున్నారట, అయ్యారు కూడా. పంతొమ్మిదేళ్లకే రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో వాంపైర్ జెట్‌లు నడిపారు. ఆ తర్వాత లోకం చూడాలంటే విలేకరి ఉద్యోగమే దారి అనుకుని, నార్ఫోక్‌లోని ఈస్టర్న్ డైలీ ప్రెస్ అనే ప్రాంతీయ దినపత్రికలో చేరి మూడేళ్లు స్థానిక వార్తలు రాశారు. పెద్ద రచయితల జీవితాల్లో ఈ మూడేళ్ల లాంటి ముక్కను అందరూ ఒక వాక్యంలో దాటేస్తారు. కోర్టు కేసులు, మున్సిపల్ మీటింగులు, పేరులో అక్షరం తప్పితే మర్నాడు ఆఫీసు ముందు నిలబడి అడిగే జనం. జిల్లా వార్తలు రాసినవాళ్లకు ఆ మూడేళ్ల విలువ వేరే చెప్పాలా?

1961లో రాయిటర్స్. ఫ్రెంచ్ గడగడా వచ్చు కాబట్టి మరుసటి ఏడు పారిస్ పంపారు. అల్జీరియాను వదులుకున్నందుకు డి గాల్ మీద పగబట్టిన ఓఏఎస్ అనే రహస్య సైనిక సంస్థ ఆయన్ను చంపాలని తిరుగుతున్న రోజులవి. 1962 ఆగస్టు 22 సాయంత్రం పారిస్ శివార్లలో పెటి-క్లమార్ అనే చోట డి గాల్ కారు మీద తూటాల వర్షం కురిపించారు. టైర్లు పేలినా డ్రైవరు సిత్రోయెన్ కారును ఆపకుండా లాగించేశాడు. భార్యాభర్తలిద్దరికీ గీత కూడా పడలేదు. కుట్ర నడిపిన బాస్తియాం-తిరీని మరుసటి మార్చిలో కాల్చి చంపారు.

అధ్యక్షుడు ఎక్కడికెళ్తే అక్కడికి విలేకరులూ వెళ్లేవాళ్లు, మళ్లీ దాడి జరిగితే వార్త మిస్ కాకూడదని. ఖాళీ సమయాల్లో యువ ఫోర్సైత్ అంగరక్షకులతో కబుర్లు చెప్పేవారు. ఆయనకు తట్టిందేమిటంటే, ఓఏఎస్ మనుషులందరి పేర్లూ ఫ్రెంచ్ పోలీసుల దగ్గరున్నాయి, వాళ్ల మధ్య పోలీసుల మనుషులూ ఉన్నారు. అందుకని వాళ్ల వల్ల కాదు. ఎవరికీ తెలియని, ఏ ఫైల్లోనూ లేని బయటి మనిషికైతే సాధ్యం. ఆ ఒక్క ఆలోచననూ ఏడేళ్ల పాటు మనసులో ఒక మూలన దాచుకున్నారు. ఆ ఏడేళ్లలోనే ఆయన జీవితం తలకిందులైంది.

1967 మే 30న నైజీరియాలోని తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో విడిపోతున్నట్టు ప్రకటించింది. జులైలో యుద్ధం మొదలైంది. అప్పటికి ఫోర్సైత్ బీబీసీలో ఉన్నారు. తిరుగుబాటు పది రోజుల్లో అణిగిపోతుంది, వెళ్లి కవర్ చేసి రా అని పంపారు. వెళ్లి చూస్తే అక్కడ అణగడం లేదు, జనమంతా ఒక్కమాట మీద ఉన్నారు. చూసింది రాశారు. బ్రిటన్ ప్రభుత్వం నైజీరియా పక్షాన ఉండి ఆయుధాలు పంపిస్తున్న సమయమది. కొన్ని నెలలకు వెనక్కి పిలిపించారు. ఈ యుద్ధాన్ని కవర్ చేయడం మన విధానం కాదని మొహం మీదే చెప్పారని ఆయన చివరిదాకా చెబుతూనే ఉన్నారు. 1968 మొదట్లో ఉద్యోగం వదిలేసి, జీతం భరోసా లేకుండా సొంతంగా మళ్లీ బయాఫ్రా వెళ్లిపోయారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ మనిషి మీద నాకెందుకింత గురి అన్నది మీకు తెలియదు.

1996 నవంబరు 6 రాత్రి తూర్పుగోదావరి తీరాన్ని తుపాను కొట్టింది. అప్పుడు నేను అమలాపురంలో కంట్రిబ్యూటర్‌ని. అచ్చయిన వార్తను సెంటీమీటర్లలో కొలిచి డబ్బులిచ్చేవాళ్లు. రోజూ వార్తల కవరు సాయంత్రం రాజమండ్రి బస్సులో కండక్టరు చేతికిచ్చేవాణ్ని. తుపాను మర్నాడు బస్సుల్లేవు, ఫోన్లు లేవు, కరెంటు లేదు. రోడ్డంతా కొబ్బరిచెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. సైకిలు మోసుకుంటూ, దాటుకుంటూ రెండు రోజులకు ఒక మత్స్యకారుల పల్లెకు చేరాను. వేటకెళ్లిన మగవాళ్లు తిరిగి రాలేదు. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకున్నాను. పేరు, తండ్రి పేరు, వయసు, పడవ ఎవరిది. మొత్తం 31 పేర్లు.

మూడో రోజు రావులపాలెం దాకా వెళ్లి, ఆ వైపు వెళ్తున్న లారీలో కవరు పంపాను. రెండు రోజుల తర్వాత పేపరు దొరికింది. నా 31 పేర్లూ రెండు మాటలయ్యాయి, ‘పలువురు గల్లంతు’ అని. డెస్క్ వాళ్లది దుర్మార్గమని అనను. శవం దొరికితే మృతి, దొరక్కపోతే గల్లంతు. అధికారులు ఇచ్చిన అంకె దాటి రాయకూడదని పైనుంచి మాట. ఆ నియమం తర్వాత నేనూ డెస్క్‌లో కూర్చుని చాలాసార్లు పాటించాను. కానీ ఆ పేపరు పట్టుకుని మళ్లీ ఆ పల్లెకు వెళ్లినప్పుడు ఒకావిడ, కొడుకు రాని ఆవిడ, ఎవరితోనో చదివించుకుని నన్నడిగింది. “గల్లంతంటే ఏటి బాబూ? వత్తాడనా, రాడనా?”

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

బయాఫ్రాలో ఫోర్సైత్ రెండేళ్లున్నారు. 1968 నడిమికి ఆకలి చావులు మొదలయ్యాయి. దిగ్బంధం వల్ల మాంసకృత్తులు దొరక్క పిల్లలకు క్వాషియోర్కర్ వచ్చింది. పొట్టలు ఉబ్బి, కాళ్లు నీరుపట్టి, నల్లటి జుట్టు రాగిరంగుకు తిరిగేది. చర్చి సంస్థల విమానాలు సావో టోమే దీవి నుంచి చీకటిపడ్డాక బయల్దేరి ఊలి అనే చోట దిగేవి. రోడ్డును వెడల్పు చేసి రన్‌వేగా మార్చుకున్నారక్కడ. విమానం దిగే ఆ కాసేపే దీపాలు వెలిగించి ఆర్పేసేవాళ్లు. ఆ విమానాల్లో పాలపొడి, ఎండుచేపలు వచ్చేవి. ఈ పరిస్థితి మీద ఆయన 1969లో ఒక పుస్తకం రాశారు. అదే ఆయన మొదటి పుస్తకం, నవల కాదు.

ఆ పుస్తకంలో ఆయన ఒక పక్షానే నిలబడ్డారు. బయాఫ్రా నాయకుడు ఒజుక్వుతో స్నేహం, తర్వాత ఆయన జీవితచరిత్ర కూడా రాసేంత. అవతలివాళ్ల మాట సరిగా వినలేదన్న విమర్శ న్యాయమైనదే. నేను సబ్‌ఎడిటర్‌గా ఆ కాపీ దిద్ది ఉంటే చాలాచోట్ల గీతలు పెట్టేవాణ్ని. అయితే రోజుకు వందల సంఖ్యలో పిల్లలు పోతున్న చోట రెండేళ్లున్న మనిషిని సమదూరం పాటించలేదేమని నిలదీయడం నాకు చేతకాదు.

1969 క్రిస్మస్‌కు లండన్ తిరిగొచ్చారు. చేతిలో డబ్బు లేదు, ఉద్యోగం లేదు, ఉండటానికి ఇల్లు లేదు. ప్రభుత్వంతో విభేదించిన విలేకరిగా ముద్ర పడింది కాబట్టి పిలిచి పనిచ్చేవాళ్లూ లేరు. స్నేహితుల ఇంట్లో తలదాచుకున్నారు. 1970 జనవరి మొదటివారంలో వంటింటి బల్ల మీద పాత పోర్టబుల్ టైప్‌రైటర్ పెట్టుకుని కూర్చున్నారు. బయాఫ్రాలో తూటా గీసుకుపోయిన మచ్చ దాని మూత మీద ఉంది. పారిస్‌లో తట్టిన ఆ ఆలోచనను 35 రోజుల్లో నవలగా కొట్టేశారు. అప్పులు తీర్చుకోవడానికే రాశానని దాపరికం లేకుండా చెప్పేవారు. అటు బయాఫ్రా ఆ జనవరి 15నే లొంగిపోయింది. ఒకపక్క ఆయన రెండేళ్లు ప్రాణం పెట్టిన ఊళ్లు పడిపోతున్నాయి, ఇంకోపక్క ఆయన డి గాల్ కథ టైపు చేస్తున్నారు. ఆ వారాల్లో ఆ వంటింట్లో మనిషి ఎలా ఉండి ఉంటాడా అని చాలాసార్లు ఆలోచించాను.

నాలుగు చోట్ల ప్రచురణకర్తలు తిప్పిపంపారు. బతికున్న మనిషిని చంపే కథ ఎవరు కొంటారని వాళ్ల అనుమానం. చివరికి హచిన్సన్ వాళ్లు వేశారు, 1971లో ‘ద డే ఆఫ్ ద జాకాల్’ బయటికొచ్చింది. మరుసటి ఏడే మిస్టరీ నవలలకిచ్చే ఎడ్గార్ బహుమతి, 1973లో సినిమా, ఆ తర్వాతి సంగతి అందరికీ తెలిసిందే. అప్పటిదాకా వార్తలు రాసి ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చిన మనిషి, అదే భాషలో, అదే పొడి వాక్యాలతో కల్పన రాస్తే కోట్లమంది చదివారు. ఆ నవలలో మనసు లోపలి సంగతులు దాదాపుగా ఉండవు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు, ఎలా. అది సాహిత్యమా అని అడిగేవాళ్లున్నారు. నాకు ఆ ప్రశ్న మీద పెద్ద ఆసక్తి లేదు. పేజీ తిప్పించే ఆ వాక్యం విలేకరి వాక్యమని మాత్రం తెలుసు.

తర్వాతి నవలలకూ పద్ధతి అదే. నెలల తరబడి తిరగడం, అడగడం, ఆ తర్వాత కొన్ని వారాల్లో రాసేయడం. నాజీ నేరస్థుల మీద రాసేటప్పుడు వియన్నాలో, అలాంటి నేరస్థుల ఆచూకీ తీసే సైమన్ వీసెంతాల్‌ను కలిశారు. లాత్వియాలోని రీగాలో నాజీలు యూదులను నిర్బంధించిన ఘెట్టోలో వేలమంది చావుకు కారకుడైన ఎడ్వర్డ్ రోష్‌మన్ అనే నిజమైన మనిషిని నవలలో నిజమైన పేరుతోనే పెట్టారు. అప్పటికి వాడు దక్షిణ అమెరికాలో దొంగపేరుతో బతుకుతున్నాడు. ఆ నవల సినిమాగా వచ్చాక, అర్జెంటీనాలో ఒకాయన అది చూసి ఇరుగుపొరుగులో ఉన్నది వాడేనని గుర్తుపట్టాడని ఫోర్సైత్ చెప్పేవారు. 1977లో వాడు పరాగ్వేకు పారిపోయి అక్కడే చచ్చాడు. పేపరు వార్త చేయలేని పని.

నాకు బాగా ఇష్టమైనది హాంబర్గ్ సంగతి. కిరాయి సైనికుల నవల కోసం ఆయుధాల దళారుల మధ్యకు వెళ్లారు, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన కొనుగోలుదారునని చెప్పుకుని. ఒకరోజు వాళ్లలో ఒక దళారి కారు ఒక పుస్తకాల షాపు ముందు ఆగింది. అద్దం వెనక జాకాల్ నవల జర్మన్ అనువాదం పేర్చి ఉంది, వెనక అట్ట ఇటు తిరిగి ఉంది, దాని మీద ఫోర్సైత్ ఫొటో. హోటల్ గదిలో ఉన్న ఆయనకు ఎవరో ఫోన్ చేసి, వస్తున్నారు, వెంటనే బయటపడమన్నారు. పాస్‌పోర్ట్, డబ్బు మాత్రం తీసుకుని స్టేషన్‌కు పరుగెత్తి, కదిలే రైలెక్కేశారు.

ఇప్పుడు నాకు మింగుడుపడని భాగం. 2015లో ఆత్మకథ రాస్తూ, తాను ఇరవై ఏళ్లకు పైగా బ్రిటిష్ గూఢచార సంస్థ ఎంఐ6కు సాయం చేశానని ఫోర్సైత్ ఒప్పుకున్నారు. మొదలైంది బయాఫ్రాలోనే, విలేకరిగా ఉన్నప్పుడే. 1973లో తూర్పు జర్మనీలోని డ్రెస్డెన్‌కు వెళ్లి, అల్బెర్టీనుమ్ మ్యూజియం మరుగుదొడ్డిలో ఒక రష్యన్ కల్నల్ చేతి నుంచి ప్యాకెట్ అందుకుని కారులో సరిహద్దు దాటించారు. డబ్బు తీసుకోలేదట. అప్పటి రోజులు వేరు, దేశం కోసం చేశానన్నారు.

ఆ పేజీలు ఉత్కంఠగానే చదివాను. చదివి పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. నేను తర్వాత కొన్నాళ్లు రంపచోడవరం ఏజెన్సీలో పనిచేశాను. అక్కడ విలేకరికి ‘ఇన్ఫార్మర్’ అన్న మాట ఎంత బరువైనదో చెప్పలేను. పగలు పోలీసులు అడిగేవాళ్లు, అన్నలు ఎక్కడున్నారో నీకు తెలుసు కదా అని. రాత్రి ఇంకెవరో అడిగేవాళ్లు, స్టేషన్‌కు ఎందుకెళ్లావని. నేను ఎవరికీ ఏమీ చెప్పనని ఇరువైపులా నమ్మకం ఉన్నంతకాలమే నేను ఊళ్లలోకి వెళ్లగలిగాను, తిరిగి రాగలిగాను. ఒక్క విలేకరి ఇటు సమాచారం అటు చేరవేశాడని తెలిస్తే, ఆ దారిన వచ్చే తర్వాతి పదిమందినీ అదే కన్నుతో చూస్తారు. ఫోర్సైత్ మీద నాకున్న గౌరవం అలాగే ఉంది, కానీ ఈ ఒక్క విషయంలో ఆయన చేసింది తప్పని నా అభిప్రాయం. నవలాకారుడిగా డ్రెస్డెన్ వెళ్లడం ఆయన ఇష్టం. విలేకరిగా బయాఫ్రాలో ఉన్నప్పుడు చేయకుండా ఉండాల్సింది.

డెబ్బై ఏళ్లప్పుడు కొకైన్ దొంగరవాణా మీద నవల కోసం గినియా-బిసావు వెళ్లారు. ఆ వయసులో, అంత పేరున్న మనిషి, ఇంట్లో కూర్చుని ఎవరినైనా పంపి వివరాలు తెప్పించుకోవచ్చు. స్వయంగా వెళ్లారు. సరిగ్గా ఆయన దిగిన సమయంలోనే, 2009 మార్చి 1న బాంబు పేలి సైన్యాధిపతి చనిపోయాడు, తెల్లారేలోగా దేశాధ్యక్షుడు వియెరాను సైనికులు చంపేశారు. హోటల్ గదిలో పేలుడు శబ్దం విన్న ఫోర్సైత్ ఏం చేశారు? కిందికి దిగి, ఏం జరిగిందో అడిగి, తెలిసింది బయటి ప్రపంచానికి ఫోన్లో చెప్పారు. నలభై ఏళ్ల క్రితం వదిలేసిన ఉద్యోగం చేశారు.

ఆయన పోయారన్న వార్త విన్న రోజు అటక మీద నుంచి నా 1996 నోటుపుస్తకం దించాను. బైండు ఊడింది, అంచులు చెదలు కొట్టాయి. అప్పటి నుంచి వీలు చిక్కినప్పుడల్లా రెండు మూడు పేర్ల చొప్పున కంప్యూటర్లో ఎక్కిస్తున్నాను. పేరు, తండ్రి పేరు, వయసు, పడవ. గల్లంతు అన్న మాట ఎక్కడా రాయడం లేదు. వాటిని ఇక్కడ పెట్టను, ఆ ఇళ్లవాళ్లను అడిగే దాకా.

నిన్న పంతొమ్మిదో పేరు దగ్గర ఆగిపోయాను. ఆ రోజు వాన చినుకులు పడి సిరా అలుక్కుపోయింది. ‘అబ్బాయి, 17’ అన్నది కనిపిస్తోంది, పేరు చదవడానికి రావడం లేదు. ఆదివారం పొద్దున్నే కాకినాడ నుంచి యానాం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి ఆ పల్లెకు వెళ్తున్నాను, అడగడానికి.